మనిషిని చూడకుండా, జాబు చదివి వైద్యం చేసినారంట. 1700లలో అదెట్ల కుదిరింది?

పాత పోస్టుమాస్టరు, పత్తికొండ:

అందరికీ నమస్కారం. నేను తపాలా శాఖలో పనిచేసి రిటైరైన మనిషిని. కర్నూలు జిల్లాలో ఆదోని, ఆలూరు, పత్తికొండ వైపు సబ్ పోస్టాఫీసుల్లోనే సర్వీసంతా గడిచింది. మొన్న మా మనవరాలు ఫోన్లో ఏదో చదువుతా, "తాతా, పద్దెనిమిదో శతాబ్దంలో స్కాట్లండులో ఒక డాక్టరుకు డబ్బున్న జనం ఉత్తరాల్లోనే రోగం చెప్పుకునేవాళ్ళంట, ఆయన మనిషిని చూడకుండానే మందు రాసి పంపేవాడంట" అనింది. అప్పటినుంచి అదే బుర్రలో తిరుగుతాంది.

నాకు ఉత్తరం వైద్యం కొత్త కాదు. ఎనభైలలో వారపత్రికల్లో డాక్టరు సలహాల శీర్షికలు వచ్చేవి కదా. వాటికి రాయించుకోను జనం నా కౌంటరు కాడికే వచ్చేవాళ్ళు. ఇన్‌లాండు కవరు కొని, అటూ ఇటూ చూసి, "సార్, పేరు వద్దు, ఊరి పేరు గూడా వద్దు" అని మొదలుపెట్టేది. ఒక పత్తి వ్యాపారి కడుపులో మంట అని పేజీన్నర రాయించినాడు. నేను మడిచి గమ్ము పూస్తాంటే "అట్లే ఇంకొక్క మాట సార్" అని అసలు సంగతి అప్పుడు బయటపెట్టినాడు. కవరులో జాగా ఏదీ? అంచుల వెంబడి కాగితం తిప్పి తిప్పి రాసినా. వీపీపీలో, అంటే డబ్బు కట్టి విడిపించుకునే పోస్టులో, వచ్చే మందుల పార్సిళ్ళ కథ ఇంకో రోజు చెప్తా.

అయితే మా కాలంలో పక్కూర్లో ఆసుపత్రి ఉండేది. చేయి పట్టి చూసే డాక్టరు ఉన్నాడు, ఎక్స్‌రే ఉంది. సిగ్గుపడినవాళ్ళు, చేతిలో డబ్బు లేనివాళ్ళు మాత్రం ఉత్తరం రాసుకున్నారు. 1700లలో డబ్బున్న దొరలే రాసినారంటే నాకు అర్థం కాలే. నాడి చూడకుండా ఎట్ల చెప్పినాడు? ఏయే రోగాలకు రాసేవాళ్ళు? ఇంకోటి, ఇది నా బుద్ధి పోనిచ్చుకోలేక అడుగుతున్నా, పోస్టు ఖర్చు ఎవరిది? మన సీమ వైపు అప్పట్లో ఇట్లాంటిది ఏమన్నా ఉండెనా?

హిస్టరీ లెక్చరర్, కడప:

పోస్టుమాస్టరు గారూ, మీ మనవరాలు చదివింది విలియం కల్లెన్ గురించి అయ్యుంటుంది. 1710లో పుట్టి 1790లో పోయినాడు. గ్లాస్గోలో పాఠాలు చెప్పి, 1755లో ఎడిన్‌బరో చేరి, అక్కడే పెద్ద పేరు తెచ్చుకున్న ప్రొఫెసరు. ఆయనకు వచ్చిన జాబులు, ఆయన రాసిన జవాబుల నకళ్ళు అయిదు వేలకు పైగా ఇప్పటికీ ఎడిన్‌బరోలోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్‌లో భద్రంగా ఉన్నాయి. అంత పెద్ద కట్ట మిగలడానికి కారణం ఆయన అలవాటే. ఏ జవాబూ నకలు తీసుకోకుండా బయటికి పంపేవాడు కాదు. రోగి రెండేళ్ళ తర్వాత "తమరు చెప్పినట్టే చేసినాను, కాళ్ళ వాపు తగ్గలేదు" అని మళ్ళీ రాస్తే, తాను ఏం చెప్పినాడో చూసుకోవాలి కదా.

మొదట్లో గుమస్తాలు పుస్తకంలోకి ఎక్కించేవాళ్ళు. 1781 నుంచి జేమ్స్ వాట్ కనిపెట్టిన నకలు యంత్రం వాడినాడు. ఆవిరి యంత్రం వాట్ అంటే తెలియనివాళ్ళు లేరు, ఈ యంత్రం సంగతి మాత్రం చాలామందికి తెలియదు. ప్రత్యేకమైన సిరాతో జాబు రాయాలి. దాని మీద పల్చని తడి కాగితం పరిచి గట్టిగా అదమాలి. సిరా కొంచెం పై కాగితానికి దిగుతుంది. అక్షరాలు తిరగబడి పడతాయి కాబట్టి ఆ పల్చని కాగితాన్ని వెనకవైపు నుంచి చదువుకోవాలి. ఒక డాక్టరు టేబుల్ మీద ఇలాంటి యంత్రం ఉందంటే ఎన్ని జాబులు నడిచేవో మీరే ఊహించండి.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. చేయి పట్టి చూసే డాక్టరు ఉండగా ఉత్తరం ఎందుకని మీకు అనిపిస్తోంది. ఆ కాలపు పెద్ద డాక్టరు ఎదురుగా కూర్చున్నా చేసేది చాలావరకు వినడమే. నాడి చూస్తాడు, నాలుక చూస్తాడు, మూత్రం రంగు అడుగుతాడు. బట్ట తీసి ఒళ్ళంతా తడిమి చూడడం ఫిజీషియన్ మర్యాద కాదు, అది సర్జన్ పని. రోగమంటే అప్పట్లో ఫలానా అవయవంలో ఫలానా పాడు అనే లెక్క కాదు. మనిషి తిండి, నిద్ర, విరేచనం, కోపతాపాలు, ఊరి గాలి, తండ్రికి ఉన్న జబ్బులు, ఇవన్నీ కలిపి చూసేది. ఆ కథ రోగికే బాగా తెలుసు. కాబట్టి తీరిగ్గా కూర్చుని రాసిన నాలుగు పేజీల జాబు, కంగారుగా నోటితో చెప్పిన పది నిమిషాల మాట కంటే డాక్టరుకు ఎక్కువ పనికొచ్చేది. డబ్బున్నవాళ్ళు ఉత్తరం రాసింది గతిలేక కాదు సార్. ఊర్లో వైద్యుడు ఉండగా, అతని మీద ఎడిన్‌బరో పెద్దాయన మాట కూడా కావాలని.

ఆ ఊరి వైద్యుడే చాలాసార్లు జాబు రాసేవాడు. "నా రోగి ఫలానా, ఇన్నేళ్ళ వయసు, ఇన్నిసార్లు నెత్తురు తీసినాను, ఈ మందులిచ్చినాను, ఫలితం లేదు, తమ అభిప్రాయం?" అని. భర్తలు, తండ్రులు, చర్చి పూజారులు రాసినవీ ఉన్నాయి.

1784లో ఇంగ్లీషు నిఘంటువు రాసిన శామ్యూల్ జాన్సన్‌కు ఆయాసం, ఒంటికి నీరు పట్టడం ఎక్కువైతే, ఆయన స్నేహితుడు బాస్వెల్ కల్లెన్‌నూ మరికొందరు ఎడిన్‌బరో డాక్టర్లనూ సంప్రదించి వాళ్ళ సలహాలు తెప్పించినాడు. జాన్సన్ ఉన్నది లండన్లో, చుట్టూ డాక్టర్లే. అయినా వందల మైళ్ళ అవతలి మాట కావలసివచ్చింది. ఆ డిసెంబరులోనే జాన్సన్ పోయినాడు, అది వేరే సంగతి.

పోస్టు ఖర్చు గురించి మీరు అడగకపోతేనే ఆశ్చర్యపోయేదాన్ని. బ్రిటన్‌లో 1840కి ముందు చాలావరకు జాబు అందుకున్నవాడే డబ్బు కట్టేవాడు. దూరాన్ని బట్టి, కాగితాల సంఖ్యను బట్టి రేటు. రెండు కాగితాలైతే రెట్టింపు. పార్లమెంటు సభ్యుడి సంతకం పైన ఉంటే మాత్రం ఉచితం, అందుకని తెలిసిన సభ్యుడి చేత సంతకం పెట్టించుకునేవాళ్ళు బోలెడుమంది. డాక్టరు ఫీజు వేరే, గినీల్లో. గినీ అంటే 21 షిల్లింగులు. కూలివాళ్ళు ఆ ఖర్చు పెట్టుకోగలరా? ఈ జాబుల్లో ఎక్కువగా కనబడేది భూస్వాములు, వ్యాపారులు, లాయర్లు, సైనికాధికారులు, వాళ్ళ ఇంటి ఆడవాళ్ళు.

తాడిపత్రి రెడ్డి:

మేడం, ఇంతకీ ఆయన ఏం మందు రాసేవాడు? అది చెప్పకుండా నకలు యంత్రం గురించి చెప్తారేంది.

హిస్టరీ లెక్చరర్, కడప:

చెప్తాను రెడ్డిగారూ. జవాబులో మందు కంటే తిండి, నడత గురించే ఎక్కువ ఉంటుంది. మాంసం తగ్గించు, వైన్ తగ్గించు, పాలు, కూరగాయలు తిను, ఒంటికి ఉన్ని బట్ట ఆనించి తొడుక్కో, పాదాలు చల్లబడనీకు, రోజూ గుర్రమెక్కి కొంత దూరం తిరుగు. ఈ గుర్రం సలహా ఆ కాలపు డాక్టర్లందరిదీ. కడుపు జబ్బుకూ అదే, దిగులుకూ అదే. ఆ తర్వాత వాంతి మందు, విరేచనాల మందు, జ్వరానికిచ్చే సింకోనా చెట్టు బెరడు, నల్లమందు, చర్మం మీద బొబ్బలు లేపే పట్టీలు. మందుచీటీ లాటిన్‌లో విడిగా ఉంటుంది, అది మందుల కొట్టుకు. నడత సలహాలు ఇంగ్లీషులో, అవి రోగికి.

తాడిపత్రి రెడ్డి:

బాగుంది. గుర్రమున్నోడికే రోగం నయమయ్యే వైద్యం. మా తాతకు మోకాళ్ళ నొప్పులకు ఎవరైనా గుర్రమెక్కమని రాసుంటే, ముందు గుర్రం కొనను అప్పు కోసం రాసుండేవాడు ఇంకో ఉత్తరం.

మెడిసిన్ పీజీ, కర్నూలు:

పోస్టుమాస్టరు సార్, మేడం చెప్పిన "వినడం" గురించి నేను కొంచెం కలుపుతా. నేను కర్నూలు ప్రభుత్వ ఆసుపత్రిలో డ్యూటీ చేస్తున్నా, నిద్ర తక్కువ, తప్పులుంటే ఏమనుకోవద్దు.

మేము ఇప్పుడు రోగి మీద వాడే పనిముట్లేవీ కల్లెన్ కాలంలో లేవు. స్టెతస్కోపు 1816లో ఫ్రాన్సులో లైనెక్ అనే డాక్టరు చేసినాడు, అది కూడా ఒక అమ్మాయి గుండె వినాల్సి వచ్చి, ఛాతీకి చెవి ఆనించడం బాగుండదని కాగితాన్ని గొట్టంలా చుట్టి. ఛాతీ మీద వేలితో తట్టి శబ్దం బట్టి నీరుందా గాలి ఉందా అని చెప్పడం 1761లోనే ఆవెన్‌బ్రుగర్ అనే డాక్టరు రాసినాడు, ఎవరూ పట్టించుకోలే. 1808లో కార్విసార్ అనే ఇంకో డాక్టరు ఆ పుస్తకాన్ని ఫ్రెంచిలోకి తెచ్చినాకే అది నడిచింది. జ్వరం కొలిచే పొట్టి థర్మామీటరు వచ్చింది 1860లలో. అంతకుముందువి అడుగు పొడవుండేవి, అంకె నిలబడడానికి ఇరవై నిమిషాలు పట్టేది. జ్వరం ఉందా లేదా అన్నది "ఒళ్ళు కాలుతోంది" అని రోగి రాసిన మాటే.

కాబట్టి అప్పటి డాక్టరు దగ్గర ఉన్నా దూరంలో ఉన్నా తేడా తక్కువ. ఆ తేడా పెరిగింది ఈ పనిముట్లు వచ్చినాకే. రోగి చెప్పలేని సంగతి డాక్టరు చెవికి వినబడడం మొదలైనాక, జాబు ఒట్టి కాగితమైపోయింది. దాంతోపాటు రోగి మాటకు విలువ కూడా తగ్గిందని నాకు అనిపిస్తుంది. మాకు క్లాసులో "రోగి బాధను రోగి మాటల్లోనే రాయండి" అని నేర్పుతారు. ఓపీలో నూరు మంది లైన్లో ఉన్నప్పుడు ఎవరు రాస్తారు సార్? "గుండెల్లో ఎవరో పిసికినట్టుంది, వంకాయ కూర తిన్నప్పటినుంచి" అని ఒకామె చెప్తే, నేను కేస్ షీట్‌లో రాసింది "ఛాతీ నొప్పి, రెండు రోజులు" అని రెండే ముక్కలు.

మీరు నమ్ముతారో లేదో, ఊరి వైద్యుడు కల్లెన్‌కు రాసిన పద్ధతి ఇప్పుడు మళ్ళీ వచ్చింది. ఈ-సంజీవని అని సర్కారు వాళ్ళ వీడియో వైద్యం ఉంది, అందులో పల్లెలో ఆరోగ్య కేంద్రం మనిషి రోగి పక్కన కూర్చుని బీపీ, షుగరు చూసి చెప్తుంది, ఇక్కడ హబ్‌లో, అంటే డాక్టర్లు కూర్చునే కేంద్రంలో, ఉన్న డాక్టరు స్క్రీన్ మీద చూసి మందు రాస్తాడు. మధ్యలో ఆ మనిషి సరిగ్గా చెప్తే సగం పని అయిపోయినట్టే. సరిగ్గా చెప్పకపోతే ఎంత పెద్ద డాక్టరైనా గోడకు చెప్పుకున్నట్టే.

పాత పోస్టుమాస్టరు, పత్తికొండ:

నాయనా, నిద్రపోకుండా ఇంత రాసినావు, సంతోషం. మేడం, నాకింకో అనుమానం. నేను రాసేటప్పుడు జనానికి ఏం చెప్పాలో తెలిసేది కాదు. అక్కరలేనిది అరపేజీ చెప్పి అసలుది మింగేసేవాళ్ళు. ఆ దొరలకు ఏం రాయాలో ఎవరు నేర్పినారు?

హిస్టరీ లెక్చరర్, కడప:

దానికి సరిగ్గా ఒక మనిషి ఉన్నాడు సార్. స్విట్జర్లండులో, లోజాన్ ఊర్లో, టిస్సో అనే డాక్టరు. 1761లో పల్లె జనం ఆరోగ్యం మీద ఒక పుస్తకం వేసినాడు. యూరప్ భాషల్లో చాలావాటిలోకి పోయింది. దాని చివర ఒక ప్రశ్నల పట్టీ ఉంటుంది. డాక్టరు దగ్గరికి మనిషిని పంపినా, జాబు పంపినా, వీటికి జవాబులు సిద్ధం చేసుకోండి అని. వయసెంత? మామూలుగా ఆరోగ్యంగా ఉండేవాడా? జబ్బు మొదలై ఎన్నాళ్ళు, ఎట్ల మొదలైంది? జ్వరముందా? నాడి గట్టిగా ఉందా, మెత్తగా ఉందా? నిద్ర పడుతోందా? దాహం? నోరు చేదా? మూత్రం, విరేచనం రంగు? ఇంతవరకు ఏ మందు వాడినారు? ఆడవాళ్ళకు నెలసరి, కడుపు, బాలింత ప్రశ్నలు వేరే. పిల్లలకు పళ్ళు వస్తున్నాయా, నులిపురుగులున్నాయా, అమ్మవారు పోసిందా అని వేరే. ఆయనకు వచ్చిన జాబులు వేయికి పైగా లోజాన్‌లో ఇప్పటికీ ఉన్నాయి.

నాడి ప్రశ్న కూడా ఉంది, గమనించండి. జాబులో నాడి పంపలేరు కానీ, పక్కనున్నవాడు పట్టి చూసి "గట్టిగా ఉంది" అని రాయగలడు. మన వైద్యంలో అష్టస్థాన పరీక్ష అంటారు కదా: నాడి, మూత్రం, మలం, నాలుక, గొంతు పలికే తీరు, స్పర్శ, కళ్ళు, ఆకారం. వీటిలో సగం కాగితం మీద పంపవచ్చు. నాడి, స్పర్శ మాత్రం పోవు. మన వైద్యులు ఆ రెండిటి మీదే పట్టు చూపించేవాళ్ళు. అందుకే మన వైపు వైద్యుడికి గుర్రమో, బండో పంపి పిలిపించుకునే పద్ధతే బలంగా ఉండిందని నా లెక్క.

మీ వారపత్రిక కథకు కూడా పాత చుట్టముంది. 1691లో లండన్లో 'అథీనియన్ మెర్క్యురీ' అని పత్రిక మొదలైంది, పాఠకులు పేరు లేకుండా ఏ ప్రశ్నైనా అడగవచ్చు, ఒంటి బాధలతో సహా. జవాబు అచ్చులో.

ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. ఇదే టిస్సో హస్తప్రయోగం వల్ల ఒళ్ళు గుల్లయిపోతుందని 1760లో ఒక పుస్తకం వేసినాడు. అది చదివి హడలిపోయిన కుర్రవాళ్ళు మళ్ళీ ఆయనకే జాబులు రాసినారు, నన్ను కాపాడండి అని. భయం పెట్టిందీ ఆయనే, మందు చెప్పేదీ ఆయనే.

తాడిపత్రి రెడ్డి:

మేడం, అది మా బస్టాండు గోడ మీద ఇప్పటికీ ఉంది. "రహస్య వ్యాధులు, ఫలానా లాడ్జి, నెలకొకసారి". 1760 నుంచి గోడ మారలేదు.

హోమియో డాక్టరు, ప్రొద్దుటూరు:

ఆలస్యంగా చూసినాను. కల్లెన్ పేరు వచ్చింది కాబట్టి మా వాళ్ళ సంగతి ఒకటి చెప్పాలి. కల్లెన్ మందుల గుణాల మీద పెద్ద గ్రంథం రాసినాడు. దాన్ని 1790లో జర్మన్‌లోకి తర్జుమా చేసిన మనిషి హానిమన్. సింకోనా మలేరియా జ్వరానికి ఎందుకు పనిచేస్తుందో కల్లెన్ చెప్పిన కారణం హానిమన్‌కు నచ్చలే. కడుపును బలపరిచి జ్వరం తగ్గిస్తుందని కల్లెన్ మాట. సరే చూద్దామని హానిమన్ తానే సింకోనా మింగి, చలిజ్వరం లాంటి లక్షణాలు వచ్చినాయని రాసుకున్నాడు. హోమియోపతి అక్కడే పుట్టింది. హానిమన్ కూడా దూరపు రోగులకు జాబుల్లోనే వైద్యం చేసినాడు, ఆ జాబులు వేలల్లో జర్మనీలో ఉన్నాయి. మా దగ్గరికి వచ్చినవాళ్ళు "ఏం డాక్టరూ, కలలు గూడా అడుగుతావు?" అంటారు. ఆ అడగడం హానిమన్ కాలం నాటిదే.

మెడిసిన్ పీజీ, కర్నూలు:

సార్, చరిత్ర వరకు ఒప్పుకుంటా. ఆ సింకోనా ప్రయోగం మీద మాత్రం ఇక్కడ గొడవ పెట్టుకోను, ఇంకో చోట పెట్టుకుందాం.

పాత పోస్టుమాస్టరు, పత్తికొండ:

అందరికీ దండాలు. మేడం, ఆఖరుగా ఒకటి. మన సీమలో ఉన్న ఇంగ్లీషు దొరలు ఎవరికి రాసుకునేవాళ్ళు? మా ఊర్లోనే పోయినాడు కదా మన్రో.

హిస్టరీ లెక్చరర్, కడప:

మంచి మాట గుర్తుచేసినారు. థామస్ మన్రో పుట్టింది 1761లో, గ్లాస్గోలోనే. అంటే కల్లెన్ అక్కడినుంచి ఎడిన్‌బరో వెళ్ళిపోయిన ఆరేళ్ళకు. 1800లో నిజాము ఈ జిల్లాలను కంపెనీకి ఇచ్చేసినాక ఏడేళ్ళు ఇక్కడ కలెక్టరు. మద్రాసు గవర్నరుగా ఉండి, 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో పోయినాడు, జబ్బుపడిన రోజే. గుత్తిలో పూడ్చి, తర్వాత మద్రాసు కోటలోని చర్చికి మార్చినారు.

ఇంగ్లండుకు ఓడలో జాబు పోవడానికే అప్పట్లో అయిదారు నెలలు. జవాబుకు ఇంకో అయిదారు. కలరా ఒక్క పూటలో తేల్చేస్తుంది. అందుకే మీరు మొదట అడిగిన ప్రశ్న, ఏయే రోగాలకు రాసేవాళ్ళు అన్నదానికి జవాబు ఇక్కడుంది. ఎడిన్‌బరోకు వచ్చిన జాబుల్లో ఎక్కువగా తీరని జబ్బులే: కీళ్ళవాతం, అజీర్ణం, నరాల బలహీనత, దిగులు, ఒంటికి నీరు పట్టడం, ఎంతకూ తగ్గని దగ్గు. జవాబు వచ్చేదాకా రోగి బతికి ఉండే రోగాలు. మన ఎండల్లో, ఈ జ్వరాల మధ్య పనిచేసే దొరకు దండు వెంట ఉన్న సర్జనే దిక్కు. ఆ సర్జన్లలో చాలామంది ఎడిన్‌బరోలో చదివినవాళ్ళు, అంటే కల్లెన్ పాఠం జాబుగా రాకపోయినా మనిషి రూపంలో ఓడెక్కి వచ్చింది.

మీ మనవరాలికి ఆసక్తి ఉంటే, గ్లాస్గో విశ్వవిద్యాలయం వాళ్ళు కల్లెన్ జాబులన్నీ ఇంటర్నెట్లో ఉచితంగా పెట్టినారు. ఫోటో పక్కనే టైపు చేసిన పాఠం ఉంటుంది. జబ్బు పేరుతో వెతకవచ్చు. 1781 తర్వాతి తడి కాగితం నకళ్ళు కొన్ని మసకబారి ఉన్నాయి, వాటితో మొదలుపెట్టవద్దని చెప్పండి. ముందు గుమస్తాలు ఎక్కించినవి చూడమనండి, చేతిరాత బాగుంటుంది. మధ్యలో ఎస్ అక్షరం ఎఫ్ లాగా కనబడితే కంగారుపడొద్దు, ఆ కాలం రాత అంతే.